గడప దగ్గర అడిగిన పేరు

కల్వకుర్తిలో రామచంద్రం మాస్టర్ టైపు ఇన్‌స్టిట్యూట్ ఎక్కడ అని అడిగితే, శ్రీశైలం రోడ్డు వెంబడి చెవులు రిక్కించుకుని నడవమనేవాళ్లు. రేకుల మీద రాళ్లవాన పడ్డ చప్పుడు ఎక్కడ వినిపిస్తే అదే ఇల్లు. ముందు గదిలో వరుసగా టైపు మిషన్లు, నడిమి గదిలో దేవుని గూడు, వెనక వంటిల్లు. మొదటి బ్యాచ్ లేచేసరికి పాలు కాగాలి, రెండో బ్యాచ్ లేచేసరికి అన్నం ఉడకాలి. మాస్టర్ భార్య గోవిందమ్మకు గోడ గడియారంతో పని పడేది కాదు.

మాస్టర్ సన్నటి మనిషి. మాట ఇంకా సన్నం. పిల్లలు అక్షరాల దిక్కు చూసి కొడుతుంటే తిట్టేవాడు కాదు, ఒక అట్టముక్క తెచ్చి వాళ్ల చేతుల మీద కప్పి పోయేవాడు. ఇంట్లో అయితే మరీ పొదుపు. భార్యను పిలవాలంటే ‘ఇగో’. వినిపించకపోతే ‘ఇగో, ఇగో’. బాగా కోపమొస్తే ‘ఇగో’ అని ఊరుకునేవాడు. అంతకు మించి ఆయన నోట ఆమెకొక పిలుపు లేదు. ఆమె కూడా అంతే, పెండ్లినాడు తప్ప ఆయన పేరు నోటితో అన్న పాపాన పోలేదు.

అసలు ఆమె పేరు గోవిందమ్మ కాదు.

పెండ్లయి అత్తగారింటికి వచ్చిన రోజు ఆడబిడ్డ సత్తమ్మ గడపకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది. పేరు చెప్పందే లోపలికి రానియ్యనన్నది. ఆనవాయితీ కదా. పెండ్లికూతురు తలొంచుకుని, తల్లి నేర్పిన నాలుగు ముక్కల పాటలో మొగుడి పేరు పొదిగి చెప్పేసింది. ఇక పెండ్లికొడుకు వంతు. చెవులు ఎర్రగా చేసుకుని, చాలాసేపు మింగి మింగి, చివరికి ‘సావిత్రమ్మ’ అన్నాడు.

హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డ అతని తల్లి పళ్లెం కిందికి దించింది.

“ఏందిరా! పెండ్లాం గడప దాటలే, అప్పుడే తల్లిని పేరు పెట్టి పిలిచేటంత మొగోనివైనవా?”

అత్త పేరూ సావిత్రమ్మే. ఆమెను ఊరంతా అవ్వా అనే పిలిచేది, ఈ పిల్లను పుట్టింట్లో అందరూ చిట్టీ అనేవాళ్లు, సంబంధం కుదిర్చినవాళ్లకు ఎవరికీ ఈ సంగతి తట్టలేదు. గడప దగ్గర నవ్వని మనిషి లేడు, అవ్వ తప్ప. మరునాడే కోడలి పేరు గోవిందమ్మ అయింది. అత్త పేరును కోడలు నోటితో అనరాదు గనుక, పాపం, ఆ ఇంట్లో ఆమె తన పేరును తాను అనుకునే వీలు కూడా లేకపోయింది. చిట్యాల దగ్గరి పుట్టింటికి పోయినప్పుడు తల్లి మాత్రం, బువ్వ పెట్టేటప్పుడు ‘సావిత్రీ’ అని పిలిచేది. నిరుడు బతుకమ్మ ముందర ఆ తల్లి కూడా పోయింది. మనిషి పోయిందని ఏడిస్తే నలుగురు వచ్చి ఓదారుస్తారు. పేరు పోయిందని ఎవరితో చెప్పుకుంటారు? 

ఇంతలో కాలం మారి, టైపు నేర్చుకునేవాళ్లు తగ్గి, ఇంట్లోకి కంప్యూటర్లు వచ్చాయి.

మొదట వచ్చింది ముసలిది. పట్నంలో ఏదో ఆఫీసువాళ్లు తీసేస్తే మాస్టర్ బస్సు మీద వేసుకుని తెచ్చాడు. దాని మీద విండోస్ ఎక్కించబోతే ఎడ్లబండికి లారీ సామాను ఎత్తినట్టు మూలిగింది. అప్పుడు కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలో నుంచి లినక్స్ అనేదాన్ని ఎక్కించాడు. దానికి బొమ్మలు లేవు, రంగులు లేవు. నల్ల పలక మీద తెల్ల అక్షరాలు. కానీ ఒకసారి లేస్తే మళ్లీ పడుకోదు. అది అచ్చం మాస్టర్ లాగే ఉందనుకుంది గోవిందమ్మ. ప్లగ్గు దగ్గరగా ఉందని దాన్ని నడిమి గదిలో దేవుని గూడు పక్కనే పెట్టారు.

రెండోది కొత్తది, విండోస్‌ది, ముందు గదిలో. దాని ముందు ఖుద్దూస్ కూర్చునేవాడు. ఖుద్దూస్ చేతిరాత మనిషి. వాళ్ల నాయిన కాలం నుంచీ చుట్టుపక్కల ఏ ముస్లిం ఇంట్లో పెండ్లయినా ఉర్దూ కార్డు వాళ్ల కలం నుంచే రావాలి. కలం రోజులు పోయాయని మాస్టర్‌తో పొత్తు కలిసి, ఇద్దరూ తెలుగు, ఉర్దూ కార్డుల పని మొదలుపెట్టారు.

చిక్కు ఏమిటంటే, కొత్తదాని ఒళ్లు గాజు బొమ్మ. గిరాకీవాళ్లు తెచ్చిన ఫ్లాపీ పెడితే చాలు, వైరస్ అంటుకుని చేసిన పనంతా మింగేసేది. అందుకని ఖుద్దూస్ పని పూర్తి కాగానే ఫ్లాపీలో ఎక్కించి, నడిమి గదిలోకి పోయి ముసలిదాంట్లో దాచేవాడు. మళ్లీ కావాలంటే మళ్లీ ఫ్లాపీ. దాని కోసం రోజుకు ఇన్నిసార్లు గడప దాటుతుంటే అవ్వకు ఒళ్లు మండేది.

“ఏం బిడ్డా ఖుద్దూసూ, పిల్లి కూనలను మార్చినట్టు గా పెట్టెకెంచి గీ పెట్టెకు ఏం మారుస్తున్నవ్రా?”

“ఫికర్ చెయ్యకవ్వా. మాస్టర్ సాబ్ రెండిటికి సంబంధం కలుపుతున్నడు.”

సంబంధం కలపడం అంత తేలిగ్గా కాలేదు. టీవీ కేబుల్ యాదయ్య కిటికీలోంచి వైరు లాగిపెట్టాడు. వైరు రెండు కొసలకూ బిరడాల్లాంటి టోపీలు బిగించాలి. అవి లేకపోతే వైరులో పోయే మాట కొసకు తగిలి వెనక్కి తిరిగొస్తుందట. మాస్టర్ బిగించాడు. మరునాడు గోవిందమ్మ దేవుని గూడు తుడుస్తూ, దేనికీ తగలకుండా ఒంటరిగా ఉన్న టోపీని చూసి, ఊడిపోయేదేదో అనుకుని విప్పి గుండీల డబ్బాలో వేసింది. ఆ వారమంతా మాస్టర్ పుస్తకం ముందేసుకుని జుట్టు పీక్కున్నాడు. ఆయన గొణుగుళ్లలో ‘టోపీ’ అన్న మాట వినబడ్డ రోజు గోవిందమ్మ గుండీల డబ్బా తెరిచి, ఎవరూ చూడకుండా దాన్ని ఎక్కడిదక్కడ బిగించేసింది. ఆ సాయంత్రమే వైరులో మాట నడిచింది. మాస్టర్ తాను మార్చిన ఏదో అక్షరం వల్లనే అయిందని ఖుద్దూస్‌కు చాలాసేపు వివరించాడు. ఆమె వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ అంతా విన్నది.

లినక్స్‌లో ఈ పని చేసే ప్రోగ్రాము పేరు సాంబ. ఆ పేరు విన్నప్పటి నుంచి అవ్వ ఆ పెట్టెకు రోజూ ఒక పువ్వు పెట్టేది. ఖుద్దూస్ పొద్దున రాగానే “వదినే, సాంబయ్య లేచిండా?” అని అడిగేవాడు.

సాంబయ్య లేచాడు కానీ తలుపు తియ్యలేదు. ముందు రెండూ వేరువేరు గుంపుల పేర్లు చెప్పుకుంటున్నాయట, అందుకని ఒకదానికొకటి కనబడలేదు. గుంపు పేరు ఒకటి చేశాక ముసలిదాని పేరు కొత్తదాని తెర మీద కనబడింది. ఖుద్దూస్ కేక వేస్తే టైపు పిల్లలంతా లేచొచ్చారు. తీరా దాని మీద నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. ఉన్నదే చెప్పినా కాదన్నది. కొత్తది పాస్‌వర్డును మూటగట్టి పంపిస్తుందట. పాతది విప్పి పెడితేనే చూస్తానంటుందట. ఈ సంగతి తేలడానికి మాస్టర్‌కు ఒక కళ్లద్దాల జత అరిగిపోయింది.

“కనవడ్తది. గడప దాంక రానిస్తది. లోపటికి మాత్రం రానియ్యది” అని తల పట్టుకున్నాడు ఖుద్దూస్.

గోవిందమ్మకు ఎందుకో సత్తమ్మ చాపిన చేతులు గుర్తొచ్చాయి.

చివరికి ముసలిదాంట్లోనూ మూటలు పుచ్చుకునే ఏర్పాటు చేశాక తలుపు తెరుచుకుంది. ఆ సంతోషంలో మాస్టర్ అసలు పాస్‌వర్డే తీసేశాడు. ఇంట్లోవాళ్లకు గొళ్లెం ఎందుకన్నాడు. అక్కడే కొంప మునిగింది. పొద్దున మాస్టర్ కొత్తదాని మీద పోచయ్య అనే గిరాకీ మనుమడి తొట్టెల, అంటే ఉయ్యాల పండుగ, కార్డు చేసి ‘కార్డు’ అని పేరు పెట్టి దాచాడు. మధ్యాహ్నం ఖుద్దూస్ ఎవరిదో దశదినకర్మ కార్డు చేసి, అదే చోట, అదే పేరుతో దాచాడు. తొట్టెల పోయి దినం మిగిలింది. ప్రింటైన కట్టను చదువు రాని పోచయ్య సంతోషంగా పట్టుకుపోయి ఊరూరా పంచాడు. అందుకున్నవాళ్లలో చదివేవాళ్లు తక్కువ, నల్లటి అంచు చూసి గుండెలు బాదుకునేవాళ్లు ఎక్కువ. తొట్టెల నాడు పోచయ్య అక్క బక్కమ్మ మూల మీది నుంచే శోకాలు పెట్టుకుంటూ వచ్చింది. లోపల పిల్లవాడు కేరుకేరుమంటుంటే నోరు తెరిచి, మధ్యలో ఆపుకోలేక, ఉన్న ఏడుపంతా ఏడ్చి మరీ పాయసం తిన్నది.

“పుట్టి నెల నిండలే, పోరనికి దినం జేయిస్తివి గదనయ్యా మాస్టరూ!” అని పోచయ్య గడప ముందు నిలబడి అడిగాడు.

ఆ రాత్రే మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. రోజూ పొద్దున రెండు కంప్యూటర్లనూ తానే లేపి, కొత్తదాని ముందు వంగి, వీపు అడ్డం పెట్టి, టకటకా కొట్టి లేచిపోయేవాడు. ఎవరి పని ఏ పేరుతో దాచాలో కూడా తానే చెప్పేవాడు.

“నాకన్న చెప్పరాదు మాస్టర్ సాబ్? నేనేమన్న పరాయోన్నా?” అని ఖుద్దూస్ నిష్ఠూరమాడితే, “చెప్తే గది పాస్‌వర్డ్ ఎట్లయితది?” అనేవాడు. అట్లా అనేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడేవి. గోవిందమ్మ అది గమనించింది గానీ ఎండకు కాబోలు అనుకుంది.

ఖుద్దూస్ బిడ్డ మెహరాజ్‌కు పెండ్లి కుదిరింది. ఊరందరి కార్డులూ రాసిన ఖుద్దూస్, సొంత బిడ్డ కార్డుకు ప్రాణం పెట్టాడు. అంచులో తీగ ఒక్కొక్క ఆకూ తానే గీశాడు. అంతా సాంబయ్య కడుపులో భద్రంగా ఉంది. టైపు పరీక్షలు వచ్చి, మాస్టర్ మిషన్లు వ్యానుకెత్తించుకుని, పిల్లలను వెంటబెట్టుకుని మహబూబ్‌నగర్ పోయిన రోజు, కోస్గి నుంచి వియ్యంకుడు కరీం దిగాడు.

కరీం పెద్దమనిషే, కాకపోతే అలకకు ముందుంటాడు. కార్డు నమూనా చూసి కండ్లద్దాలు పైకి జరిపాడు.

“మా పెద్దన్న పేరు కింద ఉన్నదేంది ఖుద్దూస్ భాయ్? ఆయన కిందివాడా?”

“అరె, తప్పైంది. జర కూసోండ్రి. ఇప్పుడే పైకి తెస్త.”

“తేవాలె. సాయంత్రం బస్సుకు కార్డులు చేతిల పట్టుకొనే పోత. రేపు జుమ్మా నమాజు కాంగనే మావోళ్లకు పంచాలె. మీతోని కాదంటె చెప్పుండ్రి, పట్నంల మా బామ్మర్ది ప్రెస్సున్నది.”

ఖుద్దూస్ గబగబా కుర్చీ లాక్కున్నాడు. నాయిన కాలం నుంచి ఊరికి కార్డులు రాసిన ఇల్లు. ఆ ఇంటి బిడ్డ పెండ్లికి కార్డు పట్నంలో అచ్చయిందంటే ఇక తలెత్తుకుని బజార్ల నడిచేదెట్లా? చేయి మౌస్ మీద పెట్టాడో లేదో, కరెంటు పోయింది.

కరెంటు వచ్చేసరికి కరీం రెండు చాయలు తాగాడు. ముసలిది తనంతట తాను లేచి కూర్చుంది. కొత్తది కూడా లేచింది, లేచి గడప దగ్గర చేతులు అడ్డం పెట్టింది. పాస్‌వర్డ్.

“వదినే!” ఖుద్దూస్ వంటింటి దిక్కు కేకేశాడు. “మాస్టర్ సాబ్ నీకేమన్న చెప్పిండా?”

“నాతోని కూరల ఉప్పు తక్కువైందనే చెప్పడన్నా, గీ ముచ్చట చెప్తడా?”

ఖుద్దూస్ రామచంద్రం అని కొట్టాడు. కాదంది. సాంబశివ కాదంది. కల్వకుర్తి కాదంది. శ్రీశైలం మల్లన్నను కూడా అడిగి చూశాడు. గోవిందమ్మ అని కొట్టేటప్పుడు ఆమె వంటింటి తలుపు దగ్గర చెంగు పట్టుకుని నిలబడింది. అదీ కాదంది. ఎందుకో తెలియదు, కొంచెం చిన్నబోయింది. తన పేరు ఎందుకుంటుందిలే అని తనకు తానే చెప్పుకుంది.

కరీం గడ్డం నిమురుకున్నాడు. “మొగోనికి తల్లి పేరు మీద ప్రేమా పావురమూ ఎక్కువ. ఆయన అమ్మీజాన్ పేరేంది?”

“మేం అవ్వనే అంటం. వదినే, అవ్వ పేరేంది?”

గోవిందమ్మ నాలుక కరుచుకుంది. “అయ్యో, అత్త పేరు నేనెట్ల తీస్తనన్నా? అవ్వ బక్కమ్మ తాన కూసున్నది, వస్తె అడుగు.”

“బస్సు పొయ్యేదాంక రాదు గామె!”

అప్పుడు ఫోను మోగింది. పరీక్ష మధ్యలో తెరిపి దొరికితే మాస్టర్ ఫోను చేసి అడిగే మాట ఒకటే. గోవిందమ్మ ఎత్తింది.

“ఇగో. కరెంటున్నదా?”

“కరెంటున్నది, తలుపు తెరుస్తలేదు. ఖుద్దూసన్న బిడ్డ కార్డు లోపట్నే ఉన్నది. వియ్యంకుడు అలిగి లేస్తున్నడు. గదేందో జెప్పు.”

అటువైపు నుంచి లారీ హారన్లు, పిల్లల మాటలు వినిపిస్తున్నాయి. ఎస్టీడీ బూత్ ముందు వరుస కట్టినట్టున్నారు.

“నేనొచ్చినంక చేస్త.”

“బస్సు పోతది. ఆయన పరువు పోతది. చెప్పు.”

“నీ… పేరే.”

“నా పేరు కొట్టిండు. కాదన్నది.”

“గది కాదు.” మాస్టర్ గొంతు తగ్గింది. “ఎన్కటిది.”

గోవిందమ్మ ఫోను ఇంకో చెవికి మార్చింది. గోడ మీద బల్లి ఒకటి అటు నుంచి ఇటు పోతే, దాన్నే చూస్తూ నిలబడింది. ఆయన ఏ పేరు గురించి అంటున్నాడో ఆమెకు తెలుసు. తెలియకేం? కానీ అంత తొందరగా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇరవై ఏండ్లు దాటింది మరి.

“ఎన్కటిదంటె? నాకు యాదికి లేదు.”

“యాదికి లేకుంటదా? నీదే గద!”

“పిలిచెటోళ్లుంటె యాదికుంటది. ఏం పేరు?”

“ఇగో, బయట పిల్లలున్నరు…”

“ఏం పేరో జెప్పు.”

“సావి…”

“ఇనవడ్తలేదు. ఇక్కడ చప్పుడున్నది.” చప్పుడేమీ లేదు. ఖుద్దూస్, కరీం ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

“సావిత్రమ్మ.”

“జర గట్టిగ.”

“సావిత్రమ్మా!”

మహబూబ్‌నగర్‌లో ఆ బూత్ అద్దాలు అదిరాయని, బయట నిలబడ్డ టైపు పిల్లలంతా ఒక్కసారి తల తిప్పారని, మాస్టర్ డబ్బులిచ్చి చిల్లర తీసుకోకుండానే పరీక్ష హాలు దిక్కు ఉరికాడని తర్వాత ఆ పిల్లలే చెప్పారు.

గోవిందమ్మ ఫోను పెట్టేసింది. చెంగుతో ముఖం తుడుచుకుంది. ఖుద్దూస్ వేళ్లు అక్షరాల మీద పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు.

“సావిత్రమ్మ” అన్నది. అంటుంటే నోట్లో కొత్త చింతకాయ కొరికినట్టుంది.

“ఎవ్వరే నా పేరు తీసేది?” గుమ్మంలో అవ్వ. బక్కమ్మ ఇంటి నుంచి సరిగ్గా అప్పుడే దిగబడింది.

ఖుద్దూస్ కొట్టాడు. సాంబయ్య తలుపు తీశాడు. మెహరాజ్ కార్డు, ఆకులతో, తీగలతో తెర నిండా విచ్చుకుంది. ఖుద్దూస్ ఉన్నచోటే చేతులెత్తి అల్లాకు శుక్రియా చెప్పి, తర్వాత అవ్వ దిక్కు తిరిగాడు.

“అవ్వా! నీ పేరే పెట్టుకున్నడు నీ కొడుకు!”

“నా పేరా? డబ్బకా?”

“అవునవ్వా. నీ పేరు చెప్తెనే తెరుసుకుంటది.”

“చూసినరా!” కరీం పొంగిపోయాడు. “నేనన్ననా లేదా? తల్లి పేరే!” తన మాట నెగ్గిన సంతోషంలో, అన్న పేరు పైకి వచ్చిందో లేదో చూసుకోవడం కూడా మరిచి ఇంకో చాయ అడిగాడు. ప్రింటు తీసిన కాగితం పక్క సందులోని స్క్రీన్ ప్రింటింగ్‌కు పోయింది. పొద్దుగూకే వేళకు మొదటి కట్ట, ఇంకా తడి వాసనతోనే, కరీం చంకలోకి చేరింది. బస్సు కదిలేదాకా ఖుద్దూస్ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

అవ్వ మాత్రం ఇంట్లో నిలవలేదు. వాడంతా తిరిగింది. బక్కమ్మ ఇంటికి మళ్లీ పోయింది, పక్కింటి మారెమ్మను పిలిచి చెప్పింది. “మొగోడంటె నా కొడుకు. గంత పెద్ద డబ్బకు పెండ్లాం పేరు పెట్టుకున్నడా? కన్నతల్లి పేరు పెట్టుకున్నడు. మీ కొడుకులు పెట్టిన్రా?” ఎవరి కొడుకూ పెట్టలేదు. ఎవరి కొడుకుకూ కంప్యూటర్ లేదు. అయినా వాళ్లు తలలొంచుకున్నారు.

గోవిందమ్మ అన్నీ వింటూ చాటలో బియ్యం ఏరింది.  చీకటి పడే వేళ వ్యాను వచ్చి ఆగింది. మిషన్లు దించే చప్పుడు విని లేచి, చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గరకు పోయింది.

మాస్టర్ చెప్పులు విడిచి తలెత్తాడు. ఆమె గడపకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడి ఉంది.

“ఇగో” అన్నాడు.

“గది చెల్లదు. పేరు చెప్తెనే లోపటికి.”

మాస్టర్ వెనక్కి చూశాడు. పిల్లలు మిషన్లు మోస్తూ దూరంగా ఉన్నారు. ఖుద్దూస్ ఇంటికి పోయాడు. ఆయన చెవులు దీపం వెలుగులో కూడా ఎర్రగా కనబడ్డాయి.

“మీ అమ్మ పొయ్యినప్పటి సంది అనుకుంటున్న” అన్నాడు నేల దిక్కు చూస్తూ. “ఎవ్వరన్న నీ పేరు రోజు ఒక్కపారన్న తల్సుకోవాలె గద అని. నోటితోనైతె నాకు రాకపాయె. వేళ్లతోనన్న…”

గోవిందమ్మ చాపిన చేతులు దించలేదు.

“ఇప్పుడు నోటితోని” అన్నది.

ఆయన ఒకసారి మింగాడు. 

“సావిత్రమ్మా.”

లోపల మంచం మీద నుంచి అవ్వ గొంతు లేచింది.

“ఏందిరా! డబ్బకు పెట్టినవని ఊకుంటె, ఇగ ఎదురుంగనే పేరు పెట్టి పిలుస్తున్నవా?”

గడప మీద ఇద్దరూ నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె చేతులు అటు పోవడంతో దారి దొరికి, మాస్టర్ లోపలికి వచ్చేశాడు.